ఉయ్యూరులో మోగని గంట

దయ్యాలు, అతీంద్రియ శక్తులు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కాలువల మీద నీటిమట్టం కొలిచి రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. కంటికి కనిపించిన అంకె రాశాను తప్ప ఊహించి ఎప్పుడూ రాయలేదు. చదువుకునే రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. ఇదీ అందులో ఉన్నదే.

నా భార్య తమ్ముడు సుందరం, అతని స్నేహితుడు మస్తాన్ ముప్పై ఏళ్లకు పైగా కలిసి మ్యాజిక్ షోలు చేస్తున్నారు. మ్యాజిక్ కంటే వాళ్లిద్దరూ స్టేజీ మీద తిట్టుకునే తిట్లకే జనం ఎక్కువ నవ్వుతారు.

చివరి ఐటమ్ ఎప్పుడూ ఒకటే. సుందరం కళ్లకు గంతలతో స్టేజీ మీద కూర్చుంటాడు. మస్తాన్ జనంలోకి దిగి, ఎవరిదో ఒక వస్తువు తీసుకుని అదేమిటో చెప్పమంటాడు. గుట్టంతా అడిగే తీరులో ఉంటుంది. "త్వరగా చెప్పు" అంటే వాచీ. "చెప్పరా చూద్దాం" అంటే ఉంగరం. ఇద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. భవానీపురంలో మా ఇంటి వరండాలోనే వాళ్లు సాధన చేసేవారు.

రెండేళ్ల క్రితం మస్తాన్‌కి పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది, కుడిచెయ్యి సగం వచ్చింది, మాట మాత్రం రాలేదు. వేరే మనిషిని పెట్టుకోమని చాలామంది చెప్పినా సుందరం వినలేదు. మాటకు బదులు చేతిగంట పెట్టాడు. ఒకసారి మోగితే వాచీ, రెండుసార్లయితే ఉంగరం, అలా ఎనిమిది వస్తువులు.

ఉయ్యూరులో ఒక స్కూలు వార్షికోత్సవానికి ఒప్పుకున్నారు. ముందురోజు మస్తాన్ ఎడమచేత్తో కాగితం మీద రాసి ఇచ్చాడు, ఈ షో చెడితే తనను వదిలేసి ఇంకొకరిని చూసుకోమని. సుందరం చదివి నా చేతికిచ్చాడు.

షో రోజు నేనూ వాళ్లతో వెళ్లాను, గంట నా సంచిలో ఉంది. బస్సులో మోగుతుందని దాని లోపలి నాలుకను పురికొసతో బిగించి కట్టాను. హాలుకి చేరాక విప్పడం మరిచి అలాగే మస్తాన్‌కి ఇచ్చేశాను. అలాంటి మరుపు నాకు అలవాటు లేదు.

సాయంత్రం నాలుగున్నరకి ఆ ఐటమ్ మొదలైంది. సుందరం కళ్ల మీద పిండిముద్దలు పెట్టి, పైన నల్లగుడ్డ కట్టింది నేనే.

"మావాడికి ఇంట్లో ఎలాగూ మాట్లాడే ఛాన్సు లేదండీ, ఇక ఇక్కడా మానేశాడు" అన్నాడు సుందరం. మస్తాన్ గంట అతని మీదికి విసరబోయినట్టు నటించాడు. జనం నవ్వారు.

మస్తాన్ ఒక ముసలావిడ కళ్లజోడు తీసుకుని గంట ఊపాడు. మోగలేదు. మళ్లీ ఊపాడు. లోపలి ముడి చూసుకున్నాడు. ఒంటిచేత్తో అది విప్పలేడు. అదీ కామెడీయే అనుకుని జనం ఇంకా నవ్వుతున్నారు. పురికొస విప్పలేదని మూడో వరుసలో ఉన్న నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను లేచేలోగా సుందరం తల కొంచెం పక్కకి వంచాడు.

"కళ్లజోడురా. ఒక కాడ విరిగితే నల్లదారం చుట్టారు."

నిజమే. దారం ఉంది. ఆమే కొంగుముడి విప్పి ఇంకేదో ఇచ్చింది. "వక్క. సగం కొరికి దాచుకున్నారు" అన్నాడు సుందరం. వాళ్ల ఎనిమిది వస్తువుల్లో కళ్లజోడు ఉంది కానీ దారం లేదు. వక్క అసలే లేదు.

షో అయ్యాక తెర వెనక్కి వెళ్లి, గంట సంగతిలో తప్పు నాదేనని చెప్పాను. సుందరం నా వంక వింతగా చూశాడు.

"గంటెందుకు బావగారూ? వాడే అడిగాడుగా. 'ఒరే గుడ్డి సుందరం, దారం కూడా చూసి చెప్పు' అన్నాడు. కళ్లజోడు, వక్క పేర్లూ వాడే చెప్పాడు. మీకు వినపడలేదా?"

మస్తాన్ ఇంకా హాల్లోనే జనం మధ్య ఉన్నాడు. నేను అతనికేమీ చెప్పకుండా డైరీ, పెన్ను ఇచ్చి, గంట మోగనప్పుడు ఏం చేశావని అడిగాను. చాలాసేపు తీసుకుని, వంకర అక్షరాలతో రాశాడు: "లోపల అరిచా. ఒరే గుడ్డి సుందరం, దారం కూడా చూసి చెప్పు."

వాళ్ల పాత షోల గురించి రాసుకున్న పేజీలన్నీ తిరగేశాను. ఆ మాట ఎక్కడా లేదు. ఆ ముసలావిడను, ఆమె పక్కన కూర్చున్నవాళ్లను అడిగాను. మూగాయన మాట్లాడడమేంటండీ అన్నారు.

తర్వాత ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి గంట లేకుండా పదహారుసార్లు పరీక్షించాను. ఒక్కటీ సరిగ్గా రాలేదు. "మీరు రిజిస్టరు పట్టుకుని కూర్చుంటే ఎవడికి వినపడుతుంది బావగారూ" అన్నాడు సుందరం. మస్తాన్ కడుపు పట్టుకుని నవ్వాడు, చప్పుడు లేకుండా.

మస్తాన్ ఇప్పటికీ స్టేజీ ఎక్కుతూనే ఉన్నాడు. తనను వదిలేయమని మళ్లీ రాయలేదు. ఆ గొంతు మళ్లీ వినపడలేదని సుందరం అంటాడు. ఆ రోజు ఎలా వినపడిందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.