మస్తాన్ వలి బిగించిన డిష్

ఆ రోజు డిష్ కొనడానికొచ్చిన పార్టీ ముందు నేను మింగేసిన మాట ఒకటుంది. తప్పు డిష్‌ది కాదు, నా కొలతది.

కరోనాకు ముందటి ఏడాది, మే నెల. నరసరావుపేట శివార్లలోని ఒక చిన్న కంపెనీలో యాంటెన్నాల టెస్టింగ్ నా పని. మా టెస్ట్ రేంజ్ కిటికీల్లేని పెద్ద హాలు. గోడల నిండా కోసుగా ఉండే నీలం ఫోము దిమ్మెలు. వాటిని అబ్జార్బర్లంటాం, తగిలిన తరంగాన్ని తిరిగి పోనివ్వవు. పెద్ద డిష్‌ని ఆరుబయట కొలవాలంటే చాలా దూరం కావాలి. హాల్లో అయితే డిష్ ముందే ప్రోబ్ అనే చిన్న గొట్టాన్ని వరసలు వరసలుగా నడిపిస్తాం. దూరాన సిగ్నల్ ఎలా ఉంటుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. స్కాన్ గంటల తరబడి సాగుతుంది. అంతసేపూ హాలు ఒకే చల్లదనంలో ఉండాలి. కేబుల్ వేడెక్కితే కొలత జారిపోతుంది. అందుకే చివర్లో అన్ని వరసలకూ అడ్డంగా ప్రోబ్‌ని ఒకసారి చకచకా నడుపుతాం. అది టై స్కాన్. ముందు తీసిన కొలతలతో అది కలవకపోతే మొత్తం మళ్లీ చేయాల్సిందే.

ఆ రోజు స్కాన్‌కు పెట్టిన డిష్‌కు రేకు పలకలు బిగించింది మస్తాన్ వలి. పేటలో లారీ బాడీలు కట్టే షెడ్డు ఆయనది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ మీద స్కాన్ నడిచింది గానీ ఏసీలు ఆగిపోయాయి. వాటిని జనరేటర్‌కు కలిపించమని నాకు ముందే చెప్పారు. రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను. టై స్కాన్ కలవలేదు. అంతలో పార్టీ దిగింది. నేను తెర మీద టై స్కాన్ మూసేసి, బీమ్, అంటే డిష్ వదిలే తరంగాల ధార, పక్కకు తిరిగిన బొమ్మ ఒక్కటే చూపించాను.

"పలకలు వంకరగా కూర్చున్నట్టున్నాయి," అన్నాను.

అక్కడే ఉన్న మస్తాన్ డిష్ అంచు తడిమాడు. "వంకరేంది సారూ? దారం కట్టి చూసుకున్నా. నా కంటికి దొరక్కుండా పోద్దా?"

"పోయిందిగా మరి! అద్దాలు పెట్టుకో సాయిబూ," అని పార్టీ తాలూకు మనిషి నవ్వాడు.

మస్తాన్ పలకలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఈసారి ఏసీలు నడిచాయి కాబట్టి బీమ్ నేరుగా వచ్చింది. ఆయన తన తప్పు దిద్దుకున్నాడని అందరూ అనుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు. నేను కాదనలేదు.

మొన్న కారు తలుపు సొట్ట తీయించడానికి ఆ షెడ్డుకు వెళ్లాను. కొలతలన్నీ ఆయన బావమరిది ఖాసిం తీస్తున్నాడు. మస్తాన్ ఓ మూల బోల్టులు ఏరుతున్నాడు.

"నువ్వు చేయవేం భాయ్?"

"నా చూపు పోయింది గదా సారూ. మీ మిషనే చెప్పిందిగా. అప్పట్నించి టేపు ముట్టుకోలా."

ఖాసిం అందుకున్నాడు. "కళ్లాసుపత్రిలో చూపిచ్చాం సార్. కళ్లు చానా బాగున్నాయన్నారు. అయినా ఈయన నమ్మడు. డాక్టర్ కంటే మీ మిషన్ పెద్దదంట!"

యంత్రం చెప్పిందంటే మనిషి తన కంటిని కూడా నమ్మడం మానేస్తాడు. ఆ యంత్రం ముందు కూర్చునేవాడికి నోరు మూసుకునే హక్కు లేదని నాకు అక్కడ, ఆ రేకుల మోత మధ్య తెలిసింది.

ఖాసింను పని ఆపమన్నాను. షెడ్డులో అందరికీ వినపడేలా చెప్పాను.

"మిషన్ అట్టా చెప్పలా మస్తాన్ భాయ్. నేను చెప్పా. నువ్వు మొదట బిగించిందే సరిగ్గా ఉంది. ఏసీలు ఆగి నా కొలత చెడింది. నాకు అప్పుడే తెలుసు. భయపడి నీ మీదికి నెట్టా. నన్ను క్షమించు."