పళ్లకు పనికిరాని బూడిద

మచ్చ బొల్లారంలో ఉండే సత్యానందం మేడ్చల్‌లో ఓ ఫ్యాక్టరీ బాయిలరు మంటను ఇరవై ఏళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాడు. అందులో కాలేది రైస్ మిల్లుల ఊక. ఆ నల్లటి బూడిదను రోజూ పొట్లం కట్టి ఇంటికి తెచ్చేవాడు. ఇంటిల్లిపాదీ దాంతోనే పళ్లు తోముకునేవారు.

2005లో ఫ్యాక్టరీ గేటుకు ఆకుపచ్చ బోర్డు ఎక్కింది: "మాది తరిగిపోని ఇంధనం." ఆ వానాకాలమే ఊక దొరక్క, యజమాని గుట్టుచప్పుడు కాకుండా బొగ్గు కలిపించాడు.

"ఏందయ్యా గీ బూడిద? నోట్లె రాళ్లు కరకరమంటున్నయ్!" అని భార్య దానమ్మ పొట్లం విసిరికొట్టింది.

రెండు నెలలకు బోర్డు మీది మాట నిజమో కాదో తేల్చడానికి ఓ ప్రభుత్వ అధికారిణి వచ్చింది. మేనేజరు ముందే పోయించిన ఊక కుప్ప చూపించాడు. ఆమె సత్యానందం వైపు తిరిగి, "ఇదేనా కాల్చేది?" అంది.

అతను కొలువు పోతే పోనీ అనుకున్నాడు.

"గా బోర్డు సదువుడు నాకు రాదు మేడం. రెండు నెలల సంది మా ఇంట్ల గీ బూడిదతోని పళ్లు తోముకుంటలేం. గంతే ఎరుక."

ఆమె బాయిలరు కింద నుంచి చిటికెడు బూడిద తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది.

వారానికల్లా బోర్డు ఊడింది. కొలువు ఊడలేదు, ఆ ముసలి బాయిలరు ఇంకెవరి మాటా వినదు మరి. ఊక లారీలు మళ్లీ రావడం చూసి సత్యానందం గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇగ బోర్డు పెట్టుకోవచ్చా?" అన్నాడు మేనేజరు ఎకసెక్కంగా.

"జర ఆగుండ్రి సార్. ముందుగాల మా ఇంటిదాన్ని పళ్లు తోముకోనియ్యుండ్రి."