చిన్నమ్మ చెప్పిన పేర్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చింతబరికెలు కోసుకొచ్చేది పశువుల కోసం కాదు, మా చిన్నమ్మ కోసం. చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. తొలికాన్పులో బిడ్డ పోయాక ఆమె మనిషే మారిపోయింది. అన్నం ముట్టదు, నిద్రపోదు, సందు దొరికితే బావి వైపు పరిగెత్తేది. ఉదయగిరిలో మా చుట్టుపక్కల వాళ్లంతా గాలి సోకిందన్నారు. దీనికి ఆసుపత్రి అనే ఆలోచనే ఎవరికీ రాలేదు.

దుత్తలూరు వైపు నుంచి భూతవైద్యుడు వచ్చేవాడు. చిన్నమ్మ జుట్టును పశువుల కొట్టంలో గుంజకు కట్టి, ముఖం కింద మిరపకాయల పొగ వేసి, పట్టిందెవరో పేరు చెప్పమని బాదేవాడు. రవికె చిరిగి వీపంతా నెత్తురయ్యేది. ఊళ్లో బావిలో పడి చచ్చిన ఒకామె పేరు చెప్పేదాకా కొట్టి, దయ్యం దిగిందని వెళ్లిపోయాడు. చిన్నమ్మ మళ్లీ బావి వైపు పరిగెత్తింది. వాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ కొట్టాడు, చచ్చినవాళ్లలో ఇంకొకరి పేరు వచ్చింది. ఆ చేయి విరిగిపోవాలని నేను లోపల్లోపల కోరుకునేదాన్ని. పెద్దవాళ్లు మాత్రం దండం పెట్టుకుని చూసేవారు. చిన్నమ్మకు అత్తగారైన మా అవ్వ కూడా అలాగే చూసేది.

ఒకరోజు దెబ్బలు మరీ ఎక్కువయ్యాయి. చిన్నమ్మకు చచ్చినవాళ్ల పేర్లు అయిపోయినట్టున్నాయి. పెదవి చిట్లి, గొంతు పోయి, చివరికి మా అవ్వ పేరు చెప్పింది.

అందరూ అవ్వ వైపు తిరిగారు. భూతవైద్యుడు తడుముకోలేదు. అత్త బతికుండగానే కోడలిని పట్టుకుందని తేల్చేసి మళ్లీ బరికె ఎత్తాడు. అవ్వ వెళ్లి దాన్ని లాక్కుని వాడి మోకాళ్ల మీద చాచి కొట్టింది. కిందపడ్డవాడిని వీపు మీద ఇంకా కొట్టింది.

"నీలో ఎవురుండారో పేరు చెప్పరా" అంది.

"నాలో ఎవురూ లేరమ్మా" అన్నాడు వాడు చేతులు అడ్డం పెట్టుకుని.

"దాన్లోనూ ఎవురూ లేరు. దెబ్బలకు ఓర్చుకోలేక చెప్తా ఉండాది. ఇంకా నాలుగు తగిలితే నువ్వూ చెప్తావు."

ఆపబోయిన చిన్నాయనకూ ఒకటి తగిలింది.

అవ్వ తన చేత్తోనే చిన్నమ్మ జుట్టు విప్పింది. పిచ్చిదాన్ని ఎక్కించుకోనని బస్సువాడు అంటే, బండి కట్టించి ఆత్మకూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ ఆ బండిలో వెళ్లాను. డాక్టరు మొదట చిన్నమ్మ వీపు చూసి చిన్నాయనను చెడామడా తిట్టాడు. ఈ జబ్బుకు పెద్దాసుపత్రి మద్రాసులో ఉందన్నాడు. పోలేకపోతే కట్టొద్దు, కొట్టొద్దు, పక్కన ఎప్పుడూ ఒక మనిషిని ఉంచండని చెప్పి, నిద్రకు మందిచ్చాడు. మద్రాసు మాకు అందే ఊరు కాదు. ఆ పక్కనుండే మనిషి మా అవ్వే అయింది. తన కొంగును చిన్నమ్మ కొంగుకు ముడేసుకుని పడుకునేది.

చిన్నమ్మ పూర్తిగా మునుపటి మనిషి కాలేదు. కానీ బావి వైపు పోవడం మానేసింది. నాకు జడలు వేసేది, అప్పుడప్పుడు నవ్వేది.

ఇప్పుడు మందులున్నాయి, డాక్టర్లున్నారు. అయినా నాలుగు తగిలించి నిజం కక్కించామని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఒళ్లు మండిపోతుంది. చిట్లిన పెదవులతో చిన్నమ్మ పలికిన మా అవ్వ పేరు చెవిలో పడుతుంది.