పొడిగుడ్డ

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. కూరెకుప్పలో రోడ్డు పక్కన కాపురముంటూ, ఇనుప ఖనిజం లారీ పోయిన ప్రతిసారీ ఎర్రదుమ్ము మింగుతూ, శాంతంగా ఉండే మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి. మిద్దె మీద ఆరేసిన వడియాలు కూడా ఎర్రబడే ఊరు మాది. ఇక మా నల్ల కారు సంగతి చెప్పాలా?

ఆ కారును మా ఆయన బాడుగకు తిప్పుతాడు. ఇల్లు గడిచేది దాని మీదే. సండూరులో ఒక కాంట్రాక్టరు, ఆఫీసర్లను తిప్పడానికి బండ్లు తీసుకుంటున్నాడని తెలిసి వెళ్లాడు. అక్కడి సూపర్‌వైజరు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఇన్ని గీతలు పడి రంగు చచ్చిన బండిలో ఆఫీసర్లు ఎక్కరు, బాగు చేసుకుని సోమవారం రమ్మన్నాడట. అది చెప్పి మా ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా తమ్ముడు హోస్పేటలో ఒక గ్యారేజీలో పెయింటరు. వాణ్ని పిలిపించాను. పాలిష్ మిషన్ అయితే తెచ్చాడు గానీ, ఒక్క పూటే ఉంటానన్నాడు. మా ఆయనకు భుజం పట్టేసింది, మిషన్ ఎత్తి పట్టలేడు. సరే, నాకు నేర్పమన్నాను. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేర్చుకోక తప్పుతుందా?

తమ్ముడు ముందు బండిని కడిగించాడు. తరవాత నా చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి బానెట్ మీద నిమరమన్నాడు. చూడ్డానికి శుభ్రంగా ఉన్న బానెట్ చేతికి గరుకుకాగితంలా తగిలింది. దుమ్ము నీళ్లతో పోలేదు, రంగులో గుచ్చుకుని కూర్చుంది. బంకమట్టి లాంటి ముద్దతో రుద్ది రుద్ది దాన్ని లాగాలట. ముద్ద ఎర్రగా అయ్యేకొద్దీ నా కోపం పెరిగింది. మా ఊపిరితిత్తులను ఏ ముద్దతో రుద్దాలో ఎవడూ చెప్పడు.

మిషన్ పట్టడం గ్యారేజీ నుంచి తెచ్చిన పాత డోరు మీద నేర్పాడు. ఆన్ చెయ్యగానే అది చేతుల్లోంచి ఎగిరి పాలిష్ మందంతా నా మొహాన చల్లింది. మళ్లీ పట్టి గట్టిగా నొక్కాను. డోరు అంచున రంగు కాలి, కింద తెల్లగా బయటపడింది.

"నొక్కితే పని కాదక్కా. మిషన్ బరువే సాలు. నీ కోపం దాని మింద తియ్యద్దు," అన్నాడు తమ్ముడు.

పాలిష్ అంటే మెరుపును పైన పూయడమని నేననుకున్నాను. కాదు. గీత ఉన్నంత లోతుకూ రంగు మీది పొరను గీకెయ్యడం. ఆ పొర మళ్లీ పుట్టదు. "ఈ బండికి ఇదే ఆఖరు. ఇంగోసారి గీకితే లోపలి రంగే వస్తాది," అని చెప్పి పోయాడు.

ఎండలో బానెట్ మీద గుండ్రంగా, ఒకదానిలో ఒకటి గీతలు. ఎవరి చెయ్యి అలా తిరుగుతుందో నాకు తట్టింది. మా వైపు డ్రైవర్లంతా అంతే. పొద్దున్నే భుజం మీది టవలు తీసి బండిని పొడిగా తుడుస్తారు, తుడిచాకే దానికి విభూతి గీతలు, కుంకుమ బొట్టు. ఇనుప రజను మీద పొడిగుడ్డ తిప్పితే అది ఆకురాయి పనే చేస్తుంది. మా ఆయన ఇన్నేళ్లూ భక్తిగా తన బండిని తనే గీరుకున్నాడు. నిలదీశాను.

"దుమ్ము మింద బొట్టు పెట్టమంటావా?" అన్నాడు.

బకెట్ తెచ్చి ముందు పెట్టాను. నీళ్లు పోసి కడిగితేనే బొట్టు, లేకుంటే బొట్టే లేదన్నాను. గొణిగాడు గానీ విన్నాడు.

ఆదివారానికి భుజాలు తెగిపోయేలా పని ముగించాను. బానెట్‌లో నా మొహం కనబడింది, చెమటతో, మందు మరకలతో. చాలా సంతోషమేసింది. మా ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముట్టుకోలేదు మాత్రం.

సోమవారం పొద్దున కడిగి బయల్దేరాం. నేనూ వెళ్లాను, వదిలితే దారిలో టవలుతో తుడిచేస్తాడని. తారానగర్ దాకా లారీల వెనకే పాకాం. సండూరులో ఆఫీసు ముందు ఆగేసరికి బండి ఇటుకలా ఉంది. సూపర్‌వైజరు టీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ఏం డ్రైవరప్పా, గనిలో నించి తెచ్చినావా? స్వల్ప తుడువు, చూస్తాను," అని ఆఫీసు కిటికీలో ఉన్న పొడిగుడ్డ తీసి విసిరాడు.

మా ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. కొంచెం నీళ్లు దొరుకుతాయా అని అడిగాడు. తాగడానికే లేవన్నాడు ఆ మనిషి, గడియారం చూసుకుంటూ. వెనక ఇంకో బండి వచ్చి ఆగింది. మా ఆయన నా వైపు చూశాడు. ఇన్నేళ్లు తుడిచిన చెయ్యి ఆ రోజు కదల్లేదు.

గుడ్డ లాక్కుని నేనే తుడిచాను. బానెటంతా, గుండ్రంగా. గుడ్డ కింద రజను గరగరలాడింది. నాకు వినబడింది, మా ఆయనకు వినబడింది, ఆ మనిషికి మాత్రం వినబడలేదు. మెరుపు చూసి బాగుందన్నాడు, బండి పాసన్నాడు.

ఆ గుడ్డను వాడి మొహాన కొట్టాలనిపించింది. మడతపెట్టి చేతికిచ్చాను.