పడ్డాక లేచేలోపు

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయేమోనని సింగపూర్ ఆఫీసులన్నీ హడావిడి పడుతున్న రోజులవి. ఆ ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ పోషిస్తున్న రగ్బీ జట్టులో నేను ఏడో నంబరు ఆటగాడిగా చేరాను. అంతకుముందు, రగ్బీలో జీతాలు మొదలైన కొత్తల్లోనే, విదేశీ క్లబ్బులో కొన్నేళ్ళు ఆడాను. సింగపూర్ తిరిగొచ్చేసరికి ముప్ఫై రెండేళ్ళు నిండాయి. ఒప్పందం ఒక్క సీజనుకే.

ఏడో నంబరువాణ్ణి ఫ్లాంకర్ అంటారు. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల బలశాలులు తలలు దూర్చి నెట్టుకునేటప్పుడు, అతను పక్కన ఒక్క భుజంతో ఆనుకుని ఉంటాడు. బంతి బయటపడగానే విడివడి పరుగెత్తి, దాన్ని పట్టుకున్నవాణ్ణి పడగొట్టాలి. తానూ పడతాడు కాబట్టి వెంటనే లేచి, అవతలి జట్టు వచ్చి కమ్మేసేలోపు ఆ బంతి లాక్కోవాలి. పడగొట్టడం చాలామందికి వస్తుంది. లేచి లాక్కోవడానికే మాకు జీతం.

సీజను సగంలో కోచ్ పిలిచాడు. న్యూజిలాండ్ మనిషి, మాటలు పొదుపు. బంతి దగ్గరికి ఆలస్యంగా చేరుతున్నావనీ, ఇంకో మూడు ఆటలు చూసి వచ్చే ఏటి సంగతి తేలుస్తాననీ చెప్పాడు. నా జెర్సీ కోసం ఫైజల్ అనే ఇరవై రెండేళ్ళ ఆటగాడు కాచుకుని ఉన్నాడు. నా కాళ్ళలో పస తగ్గిందనే అనుకున్నాను. బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటు పన్నెండో అంతస్తులో. రోజూ పొద్దున్నే ఆ మెట్లన్నీ పరుగెత్తి ఎక్కడం మొదలుపెట్టాను. ఎదురింటి చైనీస్ అంకుల్ మూడు రోజులు చూసి, "లిఫ్ట్ స్పాయిల్ ఆ?" అని అడిగాడు.

కోచ్ చెప్పిన మూడు ఆటల్లో మొదటిది అయిపోయింది. నా పని ఏమీ మెరుగుపడలేదు.

ఆ వారమే సునీత కబురు చేసింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. మా ఆటల వీడియో టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో కదలికకు ఎంత సేపు పడుతోందో కొలిచే ప్రోగ్రామ్ రాస్తోంది. రగ్బీ గురించి ఆమెకు ఓనమాలు కూడా తెలియవు.

"మీ పరుగులో ఏ తేడా లేదన్నా. సీజను మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే. కానీ కింద పడ్డాక చేతులెందుకు ఎత్తుతున్నారు?"

"ఏ సేతులమ్మా?" అన్నాను. మా ఇంట్లో ఇప్పటికీ తాతలనాటి శ్రీకాకుళం తెలుగే.

ఆమె టేపు నడిపించింది. పడగొట్టడం, పడటం, ఆ వెంటనే మోకాళ్ళ మీదే రిఫరీ వైపు తిరిగి రెండు చేతులూ చాచడం. తర్వాతి ఆటలోనూ అదే. ఆ పై ఆటలోనూ అదే.

"ఇది ఆటలో భాగమా?"

"కాదు. ఆళ్ళు తప్పు సేస్తన్నారని సెప్పడం."

"చెబితే ఆయన వింటాడా?"

"ఎప్పుడో ఓపాలి వింటాడు."

"ఒక్కసారీ వినలేదన్నా. అన్ని టేపులూ చూశాను." నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది. అలా చేతులు చాచడంలో ఒక్కోసారి దాదాపు రెండు సెకన్లు పోతున్నాయి. ఫైజల్ నన్ను దాటేస్తున్నది ఆ రెండు సెకన్లలోనే.

టేపు నకలు ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "సిన్నప్పుడూ ఇంతేరా నువ్వు. పడితే ముందు నా మొకం సూసీవోడివి. ఆ తరవాతే లేచీవోడివి. రా, మకాన్‌కి ఏళయింది, బువ్వ సల్లారిపోతంది," అంది.

టేపు చూసిన కోచ్, అలవాటు మాన్పించే పనికి ఎవరినో కాదు, ఫైజల్‌నే పెట్టాడు. సాధనలో నేను పడ్డప్పుడల్లా అతను సింగపూర్ యాసలో "డోంట్ లుక్, లా!" అని అరవాలి. నా స్థానం పోతే తనకే లాభమని తెలిసీ, గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. రెండో ఆటలో నాలుగైదు సార్లు మళ్ళీ చేతులు చాచాను. మూడోది మలేషియాలోని జొహోర్ నుంచి కాజ్‌వే వంతెన దాటి వచ్చిన జట్టుతో.

ఆఖరి నిమిషాల్లో మేము రెండు పాయింట్లు ముందున్నాం. వాళ్ళు మా గోల్ గీతకు పది గజాల దూరంలో ఉన్నారు. బంతి తెస్తున్నవాడి తొడలు పట్టి పడగొట్టాను. ఎవడో నా జెర్సీ వెనక నుంచి లాగుతున్నాడు, అన్యాయం కళ్ళకు కట్టినట్టుంది. చేతులు లేవబోయాయి. గడ్డం ఛాతీకి నొక్కుకుని లేచి, బంతి మీదికి వంగి రెండు చేతులూ వేశాను. కింద ఉన్నవాడు వదల్లేదు. పడినవాడు బంతి వదలకపోవడం నేరం. విజిల్ మోగింది, పెనాల్టీ మాకు వచ్చింది. బంతిని మైదానం బయటికి తన్ని ఊపిరి పీల్చుకున్నాం. ఆట గెలిచాం.

కరచాలనాలప్పుడు రిఫరీ నా దగ్గర ఆగి, ఇవాళ చాలా నిశ్శబ్దంగా ఉన్నావు, ఒంట్లో బాగా లేదా అని అడిగాడు. పక్కనే ఉన్న ఫైజల్ కూలబడి నవ్వాడు.

కోచ్ ఇంకో ఏడాదికి సంతకం చేయించాడు. ఆ తర్వాత ఏడో నంబరు జెర్సీ ఫైజల్‌కే వెళ్ళింది, న్యాయంగానే. నేను శిక్షకుణ్ణయి చాలా ఏళ్ళు పనిచేశాను. వేగం తగ్గిందని ఏ ఆటగాడైనా వస్తే, పరుగు పెట్టించే ముందు అతను నేల మీద ఉన్న క్షణాల్ని టేపులో చూసేవాణ్ణి. చాలామంది అక్కడ ఏదో ఒక అనవసరపు పని చేస్తుంటారు. దాన్ని తీసేయడం, కొత్త వేగం నేర్పడం కంటే సులువు.