భుజం మీదుగా

పొద్దున్నే మొహం కడుక్కోగానే ఆమె డాబా ఎక్కి, చీపురు కర్రకు కట్టిన పాత నీలం తువ్వాలును అటూ ఇటూ ఊపుతుంది. కుడిచెయ్యి లాగేదాకా ఊపి, ఎడమచేతికి మారుస్తుంది.

"పిన్నీ, ఇవాళ ఎవర్ని ఆపుతున్నావ్? పాలవాణ్ణా?" పక్క డాబా మీద బట్టలారేసే కోడలుపిల్ల అడుగుతుంది.

"నీ నోటిని, తల్లీ. అదే ఆగట్లేదు."

ఇద్దరూ నవ్వుకుంటారు. చాలా రోజులు ఆమె మనుషులతో మాట్లాడేది దాదాపు అంతే.

వీధిలో అందరికీ ఆమె జెండా పిన్ని. పని హోటల్ లాండ్రీలో. ఒకప్పుడు దుప్పటి మడవాలంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో అంచూ పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు యంత్రం మడుస్తుంది. ఆమె పక్కన నిలబడి, వంకరపోయిన మడతలు సరిచేస్తుంది. ఇంటికొస్తే ఒక గది, ఒక కుర్చీ, అవతలి గోడ కనిపించే కిటికీ.

ఏడాదికోసారి మాత్రం ఊరి బయట ఇరవైనాలుగు గంటల కార్ల రేసు జరుగుతుంది. డ్రైవర్లు వంతులు మారతారు గానీ కారుకు విశ్రాంతి ఉండదు. వేగం కార్లూ నిదానం కార్లూ ఒకే దారిలో పోతాయి కాబట్టి ప్రతి మలుపులో ఇద్దరు జెండాలతో నిలబడాలి. నీలం జెండా మనిషి వచ్చే కార్లను చూస్తూ, వెనక వేగం కారు తరుముకొస్తోందని ముందున్నవాడికి చెప్పాలి. పసుపు జెండా మనిషి పోయే కార్లను చూస్తూ, ముందేదైనా ప్రమాదం జరిగితే హెచ్చరించాలి. అందుకని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరి భుజం మీదుగా ఒకరు అవతలికి చూస్తారు.

తొమ్మిదో మలుపులో పన్నెండేళ్ళుగా ఆమెది నీలం, తమ్ముడిది పసుపు. ఈ ఏడు తమ్ముడికి కంట్రోల్ రూములో, తెరల ముందు కుర్చీ దొరికింది.

"ఏసీ గది అక్కా," అన్నాడు ఫోన్లో. "నువ్వు తెరమీద కనిపిస్తూనే ఉంటావుగా."

"నువ్వు నాకు కనపడవు కదరా," అంది. వాడికి అప్పటికే ఇంకో ఫోను వస్తోంది.

జత లేని మనిషికి మలుపు ఇవ్వరు. ఎవరూ దొరక్కపోతే ఆమెను పార్కింగ్‌కి మారుస్తామన్నారు రేసు నడిపే క్లబ్బువాళ్ళు. అక్కడ ఉండేవి ఆగిపోయిన కార్లే. జతగా వస్తావా అని లాండ్రీలో ఒకామెను అడిగింది.

"రాత్రంతా ఎండావానా లెక్కచేయకుండా నిలబడాలా?"

"రాత్రి ఎండేంటే!"

"ఏదైతేనేం, ఆ రోజు నాకు తలనొప్పి," అందామె. రేసు ఏ రోజో కూడా అడగలేదు.

చివరికి క్లబ్బువాళ్ళే ఒకామెను పంపారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. రేసుకి వారం ముందు ఇద్దరికీ పరీక్ష పెట్టారు. శిక్షణ ఇచ్చే మాస్టారు సైకిల్ తొక్కుకుంటూ జెండా పిన్ని వెనక చాలా దూరం పోయి, ఉన్నట్టుండి దాన్ని పడేస్తారు. ఆ క్షణమే కండక్టరమ్మ పసుపు జెండా ఊపాలి. తప్పితే ఇంకొక్క అవకాశం, అంతే.

సైకిల్ పడ్డ చప్పుడైంది. జెండా లేవలేదు. కండక్టరమ్మ ఎదురుగా ఉన్న ముఖంలోకే చూస్తోంది.

"నన్ను కాదు వదినా, నా వెనక చూడు!"

"చూస్తాలే. నీ కళ్ళ కింద ఆ నలుపేంటి? సరిగ్గా నిద్రపోవట్లేదా?"

పన్నెండేళ్ళలో తమ్ముడు ఆ మాట అడగలేదు. అడగాలంటే చూడాలి, చూస్తే పని చెడుతుంది.

"టికెట్ అడిగేటప్పుడు ముఖం చూసే అలవాటు, పోవట్లేదు," అంది కండక్టరమ్మ నొచ్చుకుంటూ.

"నేనిక్కడ పడి చచ్చినా మీ కబుర్లు ఆగవా?" దూరం నుంచి మాస్టారు అరిచారు. "ఇదే ఆఖరు!"

జెండా పిన్ని సంచిలోంచి దుమ్ముకు కట్టుకునే గుడ్డ తీసి ముక్కు మీదుగా బిగించింది. నల్లద్దాలు పెట్టుకుంది. టోపీ నుదుటి మీదికి లాక్కుంది.

"ఇదేం వేషం, దొంగలాగా?"

"ఇక చూడ్డానికేం లేదు. వెనక చూడు."

ఈసారి సైకిల్ నేల తాకీ తాకకముందే పసుపు జెండా లేచింది. మాస్టారు చెయ్యెత్తి సరేనన్నారు.

ఇంటికెళ్ళే బస్సులో ఆమె ఆ గుడ్డ విప్పడం మర్చిపోయింది.

రేసు శనివారం సాయంత్రం మొదలవుతుంది. తొమ్మిదో మలుపులో ఈ ఏడూ నీలం జెండా ఆమెదే.