రాహుకాలంలో బయల్దేరిన అయాన్ ఇంజను

ఈ మాట డైరీకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం ఒక్క బటన్ నొక్కి ఉంటే మా ఇంటి హాల్లో నా పరువు నిలబడేది. నేను నొక్కలేదు. అది ఎంత నిలువునా మునిగిందో వినండి.

అప్పుడు నా డిగ్రీ అయిపోయింది. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదవాలని నాకు, చిత్తూరులోనే బీఈడీ చేయించాలని నాయనకు. నాయనది మామిడికాయల మండీ. నేనేమో మాటను నోట్లోనే మాగబెట్టుకునే రకం. అందుకే వాదించకుండా చూపిద్దామనుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో రాకెట్లు నడిపే ఆట ఒకటి ఉంది. అందులో నౌకను చంద్రుడి దారి పట్టిస్తే నాయన మనసు నా దారి పడుతుందని లెక్క. ముహూర్తం ఆదివారం నాలుగింటికి. సాక్షిగా సూళ్లూరుపేట నుంచి మామ వస్తున్నాడు. ఆయనది బట్టల కొట్టే అయినా, మిద్దె మీద నుంచి అన్ని రాకెట్లు చూసినవాడు కాబట్టి మా ఇంటికి శాస్త్రవేత్త ఆయనే.

మామూలు ఇంజను పెట్టి ఉంటే ఈ కథే లేదు. నేను అయాన్ ఇంజను పెట్టాను. అది కరెంటుతో నడుస్తుంది, చిటికెడు గ్యాసుతో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ అది తోసే బలం, అరచేతిలో రెండు కాగితాలు పెట్టుకుంటే తెలిసే బరువంత. ఆట తయారుచేసినవాళ్లు దయగలవాళ్లు. ఎవరికీ అంత ఓపిక ఉండదని ఆ బలాన్ని వందల రెట్లు పెంచారు. నాకది మోసంలా కనిపించింది. పుస్తకాలు చదివిన పొగరు మరి. వెతికి వెతికి, ఆ బలాన్ని అసలు లెక్కకు దించే చిన్న ప్రోగ్రాం ఒకటి తెచ్చి ఎక్కించాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కొండనాలుక బాగున్నా మందేశాను. వద్దనుకుంటే ఒక్క బటన్‌తో తీసేయొచ్చు. ఆ బటనే ఈ బటన్.

మామ ఎక్కిన బస్సు ఆలస్యమై నాలుగున్నర దాటింది. అప్పటికి మా అవ్వ బతికే ఉంది. ల్యాప్‌టాప్ పక్కన నిమ్మకాయ పెట్టి, "రాహుకాలం వచ్చేసినాది. ఆరు దాటినాక సేయి పాపా" అంది.

బుద్ధెరిగాక మొదటిసారి నా నోరు లేచింది. "రాహువంటే ఒట్టి నీడ అవ్వా. భూమి నీడ. అది నా నౌకనేం సేస్తాది?"

ముందురోజే భూమి చుట్టూ తిరిగేలా పైకి పంపి ఉంచిన నౌకలో ఇంజను వెలిగించాను. వెనక సన్నని నీలం వెలుగు వచ్చింది.

"పొగ యాడ?" అన్నాడు మామ.

పొగ రాదన్నాను. శబ్దమో అన్నాడు. అదీ రాదన్నాను. పెళ్లికి పిలిచి మజ్జిగ పోసినట్టు చూసి, కాళ్లు చాపుకున్నాడు.

పది నిమిషాలకు నాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "కదుల్తా ఉండాదా?"

"ఉండాది నాయనా. ఈ అంకె సూడు." ఇంజను ఇచ్చిన వేగమెంతో చూపే చోట, చుక్క తర్వాత రెండో అంకె మీద వేలు పెట్టాను. ఇరవై నిమిషాలైనా ఆ వేగం మా అవ్వ దేవుడింట్లోకి నడిచేంత కూడా కాలేదు. మామ గురక మొదలైంది. బటన్ నన్ను పిలుస్తోంది. నొక్కితే నౌక దూసుకుపోతుంది, నేను తిరుపతి పోతాను. కానీ నాయనకు చూపించాలనుకున్నదే అబద్ధమైపోతుంది. చేయి వెనక్కి తీసుకున్నాను.

అంతలో నీలం వెలుగు ఆరిపోయింది. ఇంజనుకు కరెంటు ఇచ్చేది సోలార్ పలకలు. బరువు తగ్గుతుందని బ్యాటరీ పెట్టలేదు ఈ మహానుభావురాలు. నౌక తిరుగుతూ తిరుగుతూ భూమి వెనక్కి పోయింది. ఎండ లేదు.

"ఏమైనాది?" అన్నాడు నాయన.

"బ్యాటరీ పెట్టలేదు నాయనా. భూమి నీడలోకి పోయింది" అని గొణిగాను.

అవ్వ వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండానే అంది. "ఆ నీడ పేరు ఇందాక నువ్వే సెప్పినావు కదా పాపా."

నాయన నవ్వుకు మామ ఉలిక్కిపడి లేచి, పొగ వచ్చిందా అని అడిగాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుపతి చేజారినట్టే. నాయన నవ్వడం ఆపి తెరనే చూస్తున్నాడు. "ఇంజను ఆగిపాయె కదా, ఆ అంకె తగ్గలేదేమి?"

"తగ్గదు నాయనా. ఆడ అడ్డం పడే గాలి లేదు. వచ్చిన రవ్వంత వేగమూ పోదు. మళ్లీ ఎండ తగిలితే ఆడి నుంచే మొదలు."

కాయల్ని గడ్డిలో పెట్టి, తొందరపడకుండా వాసన కోసం కాచుకునే మనిషి ఆయన. "సంద్రుడికి ఎన్నాళ్లు పడతాది?"

"రెండేళ్లు పట్టొచ్చు."

"నీ సదువూ అంతే కదా" అన్నాడు. "పో."

ఆ రోజే డైరీలో ప్రతిజ్ఞ రాశాను. సూర్యచంద్రుల సాక్షిగా, ముఖ్యంగా రాహువు సాక్షిగా, ఇకమీదట బ్యాటరీ లేకుండా నౌకను పంపబోను, పంచాంగం చూడకుండా అవ్వ ముందు నోరు తెరవబోను.

హాస్టల్‌కు బయల్దేరిన రోజు చిత్తూరు బస్టాండులో, బస్సు అయాన్ ఇంజనులా మెల్లగా కదిలింది. అవ్వ కిటికీ కమ్మీ పట్టుకుని పక్కనే నడిచింది. జాగ్రత్తలు చెబుతుందనుకుని తల బయటపెట్టాను.

"బ్యాటరీ పెట్టుకున్నావా పాపా?"